పంక్చరు పడ్డ ట్యూబును చూడండి

ప్రశ్న: నాది 40 మి.మీ. టైర్ల గ్రావెల్ సైకిల్. ఆదివారాలు జమ్మలమడుగు మీదుగా మైలవరం జలాశయం పక్క మట్టిదారుల్లో తొక్కుతాను. ప్రతిసారీ పంక్చరే. గాలి ఇంకా బిగించమంటున్నారు. బిగించాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ట్యూబు విప్పి చూడండి. సూదిమొనంత చిల్లు ఒక్కటే ఉంటే అది కంపముల్లో, పల్లేరుకాయో. దానికి గాలి ఎంత కొట్టినా ప్రయోజనం లేదు. రిమ్ము ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్‌కు మారి లోపల సీలెంట్ పోయించండి. చిన్న చిల్లుల్ని అదే మూసేస్తుంది. మన ఎండలకు అది త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి చూసుకోవాలి.

పక్కపక్కనే రెండు గాట్లుంటే మాత్రం గాలి తక్కువైనట్టే: రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగింది. 70 కిలోల మనిషికి ట్యూబుతో 40 పీఎస్ఐ, ట్యూబ్‌లెస్‌లో 30–35 దగ్గర మొదలుపెట్టండి. వెనక చక్రానికి కాస్త ఎక్కువ. టైరు మీద రాసిన హద్దు దాటకండి. అతిగా బిగిస్తే గులకరాళ్ల మీద పట్టు జారుతుంది, చేతులు అదిరిపోతాయి.

నాపరాళ్ల ముక్కల అంచులు కత్తుల్లాంటివి. టైరు పక్కగోడ చీలితే సీలెంట్ ఆపలేదు. ఒక ట్యూబు, చీలిక లోపల అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క వెంట ఉండాలి.

వాన పడ్డ మర్నాడు నల్లరేగడి వైపు పోవద్దు. ఆ బురద ఫోర్కులో ఇరుక్కుని చక్రమే తిరగదు. ఆ రోజు గండికోట తారురోడ్డు ఎక్కండి, లేదా పులివెందుల నుంచి పార్నపల్లె చిత్రావతి జలాశయం దాకా వెళ్లిరండి. ఎండాకాలంలో తొమ్మిదిలోపు ఇల్లు చేరాలి.