గాజుపెట్టెలో సంజీవని మొక్క

ఎండి పిడికిలివలె ముడుచుకొనిన గోధుమవన్నె మొక్కను తిరునాళ్లలో సంజీవని యని అమ్ముట మన సభ్యు లెరిగినదే. నీట వేసిన అది విప్పుకొనును, కొన్నవారు సంతసింతురు. ఇది సెలాజినెల్లా జాతిలోనిది. తూర్పు కనుమల బండలపై పెరుగును. పూవును గింజయు లేవు. పొడివంటి సిద్ధబీజములచే వ్యాపించును. బండపై గుంపు కట్టుటకు ఏండ్లు పట్టును, పెకలించుటకు నిమిషము చాలును.

విప్పుకొనుట మాత్రమే ప్రాణమునకు గుర్తు కాదు. మెక్సికో ఎడారిలోని దీని దాయాది చచ్చిన పిదపను నీరు తగిలిన విప్పుకొనును. పచ్చదనము మరలివచ్చిననే బ్రతికినదని నమ్మవలయును.

1829లో లండను వైద్యుడు నథానియేల్ వార్డు, మూసిన సీసాలోని తడిమట్టియందు ఫెర్ను మొలకెత్తుట చూచెను. లోని తేమ ఆవిరియై గాజునకు తగిలి మరల మట్టికే దిగును. అట్టి పెట్టెలలోనే పిదప చైనా తేయాకు మొక్కలు హిమాలయములకు వచ్చినవి.

పెంచదలచువారు తమ పట్టాభూమి కాలువగట్టున నీడలో ప్రాకు రకమును తీసికొనుట మేలని మా అభిప్రాయము. అడుగున గులకరాళ్లు, కొంత బొగ్గు, పైన ఇసుక కలిపిన మాగిన ఆకుమట్టి రెండంగుళములు పరచి, వేరున్న తీగముక్కను అదిమిన చాలును. గాజుపై నీటిబొట్లు దినమెల్ల నిలిచినచో మూత కొంచెము తీయవలయును. ఎండ తగులరాదు; భద్రాచలపు వేసవిలో పెట్టెలోని మొక్క ఉడికిపోవును.

బండమీది సంజీవనికి మూతపెట్టె సరిపడదు. ఎడతెగని తేమలో కుళ్లును. దానికి రాతిముక్కలు నింపిన మట్టిమూకుడును గాలియు కావలయును. రిజర్వు అడవిలో అనుమతిలేక మొక్కలు తీయుట 1967 నాటి అటవీ చట్టముచే నిషిద్ధము. కనుక ఒకరి మూకుడులో పెరిగిన ముక్కలనే సభ్యులు పంచుకొనవలయును.