విశ్వాసం, సత్కర్మలు: క్రైస్తవుల ‘రక్షణ’ సిద్ధాంతం

“క్రైస్తవులకు నమ్మితే చాలు, ఏ పాపం చేసినా స్వర్గమే!” ఈ మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. అనకాపల్లి జిల్లా చీడికాడ వంటి చోట్ల మన కుటుంబాలు కొద్ది. ఇరుగుపొరుగున హిందువులు, క్రైస్తవులు ఉంటారు. మన పిల్లలు వారి పిల్లలతో కలిసి బడికి వెళతారు. అక్కడ ఇలాంటి మాట అంటే, వినేవారు మన మనుషులే. మరి ఆ మాట నిజమేనా?

ఒక జాతి పట్ల ఉన్న వైరం కూడా మనల్ని న్యాయం నుండి తప్పించకూడదని సూరా అల్ మాయిదా 8వ ఆయత్‌లో అల్లాహ్ హెచ్చరించాడు. ఎదుటివారి విశ్వాసాన్ని వారు “అవును, మేము నమ్మేది ఇదే” అనేలా చెప్పడం కూడా న్యాయంలో భాగమేనని మేము భావిస్తాము. కనుక ముందు వారి గ్రంథంలో ఏముందో చూద్దాం.

తెలుగు బైబిలులోని ‘రక్షణ’ అనే పదం మనం ‘నజాత్’ అనేదానికి దగ్గరగా ఉంటుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3, 4 అధ్యాయాలలో, మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎంచబడేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లనే అని వాదిస్తాడు. యాకోబు పత్రిక 2వ అధ్యాయమేమో క్రియలు లేని విశ్వాసాన్ని ప్రాణం లేని శరీరంతో పోలుస్తుంది. గమనార్హమైన విషయం ఏమిటంటే, ఇద్దరూ సాక్ష్యంగా తెచ్చింది హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) జీవితాన్నే. సంతానం లేని రోజుల్లో ఆయన దైవ వాగ్దానాన్ని నమ్మిన ఘట్టాన్ని పౌలు చూపుతాడు. ఏళ్ళ తరువాత కుమారుణ్ణి బలికి సిద్ధం చేసిన ఘట్టాన్ని యాకోబు చూపుతాడు. (ఆ కుమారుడు ఇస్‌హాఖ్ అని బైబిలు అంటుంది, ఇస్మాయీల్ అని మన ఉలమాలో అధికులు అంటారు. అది వేరే చర్చ.)

ఈ రెంటినీ వారి పండితులు ఇలా కలుపుతారు: కాయ వల్ల మామిడి చెట్టు బతకదు, కానీ బతికిన చెట్టు కాయక మానదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో రక్షణ కృప వల్లనే, క్రియల వల్ల కాదు అన్న వెంటనే, సత్‌క్రియల కోసమే మనిషి సృష్టించబడ్డాడని ఉంది. అంటే పాపానికి అనుమతి పత్రం ఇవ్వలేదన్న మాట.

అయినా ఈ విషయంలో వారిలో వారికే పెద్ద పోరు నడిచింది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ లేవదీసిన వివాదం పెరిగి, విశ్వాసం మాత్రమే చాలునన్న వాదం ఒక వైపు నిలిచింది. 1522లో ఆయన యాకోబు పత్రికనే చులకన చేసి రాశాడు. 1547లో ట్రెంట్ మహాసభలో కేథలిక్కులు ఆ వాదాన్ని ఖండించారు. చివరకు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరంలో కేథలిక్కులు, లూథరన్లు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. కృప వల్లనే దేవుడు మనిషిని అంగీకరిస్తాడని, ఆ పైన సత్‌క్రియలు ఫలంగా వస్తాయని ఇరువురూ అందులో ఒప్పుకున్నారు.

ఇదంతా దూరదేశాల గొడవ అనుకోకండి. గుంటూరుకు లూథరన్ మిషనరీ హెయర్ 1842లో వచ్చాడు. విశాఖపట్నానికి లండన్ మిషనరీలు 1805లోనే వచ్చారు. తరువాత ఉత్తర కోస్తాలో కెనడా బాప్టిస్టులు పని చేశారు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చి, తానుగా విశ్వాసం ఒప్పుకున్నవారికే ఇస్తారు. తండ్రి విశ్వాసం కొడుకు ఖాతాలో పడదు. దుష్ప్రవర్తన బయటపడిన సభ్యుణ్ణి ప్రభువు బల్లకు దూరంగా ఉంచే ఆచారమూ వారి సంఘాలలో ఉంది. క్రియలు అక్కరలేదనుకునేవారు ఇలా చేస్తారా?

మన గురించి వారిలోనూ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ముస్లింలు నమాజు, రోజాలతో స్వర్గాన్ని కొనుక్కుంటారని అనుకుంటారు. ఎవరినీ తన కర్మలే స్వర్గంలో ప్రవేశపెట్టలేవని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) చెప్పినప్పుడు, “మిమ్మల్ని కూడానా?” అని సహాబా అడిగారు. అల్లాహ్ కారుణ్యం కప్పుకుంటే తప్ప తనను కూడా అని ఆయన సమాధానమిచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు ఇది. ఈమాన్‌లో అమల్ భాగమా, కాదా అని మన ఇమాములూ చర్చించారు. ఇమాం అబూ హనీఫా ఒక విధంగా, ఇమాం మాలిక్, షాఫియీ, అహ్మద్ మరొక విధంగా చెప్పారు. అమల్ విడిచిపెట్టమని వీరిలో ఎవరూ అనలేదు.

అసలు తేడా మరో చోట ఉంది. పాపభారం ఎవరు మోయాలి? హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) సిలువపై మరణించి మానవుల పాపాలకు మూల్యం చెల్లించారని, విశ్వాసం అంటే ఆ మూల్యంపై ఆధారపడటమని క్రైస్తవులు అంటారు. ఒకరి భారాన్ని మరొకరు మోయరని సూరా అల్ అన్‌ఆమ్ 164వ ఆయత్ అంటుంది. ఆయనను సిలువపై చంపలేదని సూరా అన్నిసా 157వ ఆయత్ అంటుంది. మనకు తౌబా ద్వారం నేరుగా తెరిచే ఉంది, మధ్యలో బలి అవసరం లేదు.

కాబట్టి పొరుగింటి క్రైస్తవ సోదరునితో ఈ విషయం మాట్లాడే సందర్భం వస్తే, “మీకు మంచిపనులు అక్కరలేదట కదా!” అని మొదలుపెట్టకండి. “క్షమించడానికి దేవునికి ఒక బలి ఎందుకు కావాలి?” అని మర్యాదగా అడగండి. వారు చెప్పే జవాబును పూర్తిగా వినండి.