గట్టు దాటే పురుగు

మా నాయన పత్తిచేనుకు మందు కొట్టాడు. పక్క రైతు కొట్టలేదు. పురుగు గట్టు దాటి మళ్లీ మా చేలోకే వచ్చింది. గంజాయి సంగతీ అంతే! మన మన్యానికి అవతల ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం రెండువైపులా ఒక్కటే. మరి బడిలో చెప్పే పాఠం?

నిరుడు హాస్టల్లో ఒక మిత్రుడు "ఒక్క దమ్మేరా!" అని చెయ్యి చాచాడు. నేను తీసుకోలేదు గాని, వాణ్ణి ఆపే మాటా నా నోట రాలేదు. ఆ మాట నాకెవరూ నేర్పలేదు. వాడీ ఏడు చదువు మానేశాడు.

మంచిచెడ్డలు బేరీజు వేసే మెదడు ముందుభాగం సుమారు ఇరవై అయిదేళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. అంటే మనమింకా పాలకంకులమే! వట్టి ఉపన్యాసాలూ, బెదిరింపులూ పనిచేయవనీ, "వద్దు" అనే నేర్పును సాధన చేయించాలనీ 2013లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన నివారణ ప్రమాణాలు చెబుతున్నాయి.

మిత్రులారా! ఆ సాధన గట్టుకు రెండువైపులా సాగాలి. అక్కడి విద్యార్థులతో కలిసి తెలుగులో, ఒడియాలో, కువిలో ఒకే పాఠం తయారుచేద్దాం. చిక్కుకున్నవాడికి 14446 నంబరు చెబుదాం. దేశమంతటా అదే నంబరు. ఈసారి నేను మాత్రం నోరు మూసుకోను.