సావనీరు ప్రకటనల ఫోన్లు

మంగంపేట ముగ్గురాయి లారీల దారిన టీ బంకులకు, పంక్చరు కొట్లకు ఒక రకం ఫోన్లు వచ్చుచున్నవి. "అనాథ పిల్లల కొరకు సావనీరు వేసినాము, మీ ప్రకటన అచ్చయినది, డబ్బు పంపండి" అని. ఒక బంకు యజమాని జంకి పంపినాడు. ఆ పక్షము మన సభ్యురాలి పాల బాకీ నిలిచినది. తనిఖీకి పోయినప్పుడు ఆమెయే మాకు చెప్పినది.

ఒప్పుకోని ప్రకటనకు బాకీ ఎక్కడిది? పైగా ప్రకటనకిచ్చిన సొమ్ము విరాళము కాదు. విరాళముపై దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు దానికి రాదు. సంస్థ రిజిస్ట్రేషను నంబరు, అచ్చు ప్రతి పోస్టులో పంపమనండి. మోసగాడైతే సాధారణముగా అక్కడే ఫోన్ పెట్టివేయును.

సంఘపు సొమ్మయితే పాలకవర్గ తీర్మానము, రసీదు లేనిదే కార్యదర్శి పైసా ఇవ్వరాదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక సైబరు మోసాల నంబరు 1930కి తెలుపవలెను.