గాలి గొట్టమే ధమని అయింది

ఆర్టరీ అంటే ధమని. ఈ మాటకు మూలం గ్రీకు 'ఆర్టీరియా'. మొదట్లో గ్రీకులు వాయునాళాన్నీ ఈ పేరుతోనే పిలిచారు. శవాన్ని కోసి చూస్తే సిరల్లో రక్తం ఉండేది, ధమనులు దాదాపు ఖాళీగా కనిపించేవి. దాంతో ధమనుల్లో పారేది గాలేనని క్రీ.పూ. 4వ శతాబ్దపు వైద్యుడు ప్రాక్సగోరస్ అనుకున్నాడు. చూసింది నిజమే, తేల్చింది తప్పు!

క్రీ.శ. 2వ శతాబ్దంలో వైద్యుడు గేలెన్ బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో బిగించి, మధ్యలో కోశాడు. గాలి రాలేదు, రక్తమే వచ్చింది. అయితే ఆ రక్తం ఒంట్లో ఎలా ప్రసరిస్తుందో వైద్యుడు విలియం హార్వే వివరించింది 1628లో.

మరి వాయునాళం? అది 'ట్రాకియా ఆర్టీరియా', అంటే గరుకు గొట్టం. గొంతు ముందు భాగాన్ని వేలితో మెల్లగా తడిమితే మృదులాస్థి వలయాలు గట్లుగట్లుగా తగులుతాయి, ఆ గరుకే ఇది. తర్వాత 'ట్రాకియా' ఒక్కటే మిగిలింది.

'ఆర్టీరియా' వ్యుత్పత్తిపై ఏకాభిప్రాయం లేదు. 'ఎత్తు, వేలాడదీయు' అనే క్రియ నుంచి వచ్చిందని ఒక వాదన. గాలితో సంబంధం సంస్కృతంలోనూ ఉంది: 'ధమని'కి ధాతువు 'ఊదు' అనే అర్థమున్న 'ధమ్' కావడం విచిత్రం.

పరీక్షలో తికమకపెట్టే బిట్: ఆమ్లజని తక్కువగా ఉన్న రక్తాన్ని మోసే ధమని ఏది? పుపుస ధమని.