ఆ పిల్ల పని ఏమైపోయింది?

బీదర్

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. 'ట్వైలైట్' నాలుగు భాగాలూ చదివి చివరికి ఉసూరుమన్నానని రాశావు. ఇంకా ఇలాంటి దయ్యాల ప్రేమకథలు చదువుతున్నానేమిటని సిగ్గుపడ్డావు కూడా. సిగ్గెందుకు బిడ్డా? నువ్వు పంపిన పుస్తకాలు నేనూ వరసగా చదివాను. నువ్వే ఒక కథ మొదలుపెట్టబోతున్నావు కాబట్టి, నీ నిరాశ ఏ పేజీ దగ్గర మొదలైందో ముందు వెతుక్కో. అది తెలియకుండా కలం పట్టావంటే అదే పుస్తకం మళ్లీ రాస్తావు.

2005లో వచ్చిన మొదటి భాగాన్ని తీసిపారెయ్యకు. ఎప్పుడూ వాన పడే ఫోర్క్స్ అనే చిన్న ఊరు, కొత్త బడిలో బెరుగ్గా తిరిగే పదిహేడేళ్ల బెల్లా, పోలీసు ఉద్యోగం చేసే తండ్రితో ఆమె ముక్తసరి మాటలు, ఆయనకు వండిపెట్టడం. ఇవన్నీ స్టెఫనీ మేయర్ బాగానే రాసింది. ఎడ్వర్డ్ ఊహ కూడా మంచిదే. 1918 నాటి ఫ్లూలో చావబోతూ రక్తపిశాచిగా మారి, పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయినవాడు. కానీ అన్ని దశాబ్దాలు బతికినవాడి మాటల్లో ఆ బతుకు ఏది? రెండు ప్రపంచయుద్ధాల కాలం చూసినవాడు మళ్లీ మళ్లీ హైస్కూల్లో చేరుతుంటాడు. ఆ పిల్లకు తెలియకుండా రాత్రిపూట ఆమె గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. పుస్తకం దాన్ని ప్రేమంటుంది. నేననను. అడగకుండా ఆడపిల్ల గదిలోకి వచ్చేవాడు నెత్తురు తాగేవాడైనా పక్కవీధివాడైనా తలుపు వేసుకోవలసిందే. నీ కథలోనూ, నీ జీవితంలోనూ.

రెండో భాగం 'న్యూ మూన్'లో ఎడ్వర్డ్ వదిలివెళ్లాక అక్టోబరు నుంచి జనవరి దాకా నెలల పేర్లు తప్ప పేజీలన్నీ ఖాళీ. దుఃఖాన్ని అలా చూపించాలన్న ఆలోచన నాకు నచ్చింది. అయితే ఆ ఖాళీ తర్వాత కూడా బెల్లా బతుకులోకి ఏదీ రాదు. మోటారుసైకిలెక్కినా, కొండకొమ్ము మీంచి సముద్రంలో దూకినా అతని గొంతు వినపడుతుందన్న ఆశతోనే. తండ్రి, స్నేహితులు, చదువు అన్నీ తెర వెనక్కి వెళ్లిపోయాయి. నా మనసు అక్కడే విరిగింది.

నీకు విరిగింది నాలుగో భాగం 'బ్రేకింగ్ డాన్' చివర్లో. మంచులో రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడి, మాట్లాడుకుని, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. కొత్తగా మారిన పిశాచి దాహం ఎంత ఘోరమో ముందంతా చెప్పి, తీరా బెల్లా దాకా వచ్చేసరికి ఆమెకది ఇట్టే అదుపులోకి వచ్చేస్తుంది. మొగుడు, బిడ్డ, చావులేని అందం, చివరికి తండ్రి కూడా దక్కాడు. ఏదీ పోగొట్టుకోనిదాని కోసం మనం ఎందుకు భయపడతాం?

మా తరం యండమూరి నవల 'తులసీదళం'కి వణికిపోయింది. అది మూఢనమ్మకాన్ని పెంచిందన్న విమర్శ అప్పుడూ ఉంది, దాన్ని నేను కొట్టెయ్యను. కానీ యండమూరి ముందు మనల్ని శ్రీధర్, శారదల ఇంట్లో కూర్చోబెట్టాడు. వాళ్ల పాపను మన పాపను చేశాడు. అందుకే చేతబడి అనేసరికి ఒళ్లు జలదరించింది.

ఇక నీ కథ. బహమనీ యువరాజు ఆత్మ, డిగ్రీ చదివే అమ్మాయి, మన బీదర్ కోటలో వెన్నెల. వెన్నెల సంగతి తర్వాత, ఆ పిల్ల ఏ ఇంటిది? లోహపు పాత్రల్లో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల ఇంట్లో పెట్టి చూడు. రాగి కాస్త కలిపిన జింకుతో పోతపోసిన కూజాకు మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు, గీసిన గీత కనబడాలని. ఆ గీత వెంట ఉలితో చెక్కి వెండి తీగ కొట్టి దిగేస్తారు. చివర కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి, వేడిచేసిన పాత్రకు రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. నీ కథలో అమ్మాయి ఆ మట్టికోసమే కోటకు వెళ్లిందనుకో. ఆమెకు అక్కడ పని ఉంది, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి, వేళ్లకు ఉలి గాట్లున్నాయి. యువరాజు కనబడితే ముందు పని ఆగిపోతుంది. కథ అక్కడ పుడుతుంది.

అతన్నీ ఊరికే అందగాడిగా వదలకు. గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చిన బహమనీ సుల్తాను అహ్మద్ షా సమాధి అష్టూరులో ఉంది. ఆయన్ని లింగాయతులు అల్లమప్రభువుగా కొలుస్తారు, ముస్లింలు వలీ అంటారు, ఉర్సుకు ఇద్దరూ వస్తారు. ఆ వరసలోనే, క్రూరుడని పేరుపడి 1461లో పోయిన బహమనీ సుల్తాను హుమాయూన్ సమాధి పిడుగుపడి చీలిపోయి ఉంది. సగం గుమ్మటం కూలింది, మిగిలిన సగంలో గోడ ఎంత మందమో బయటినుంచే కనబడుతుంది. మన ఊళ్లో చచ్చిపోయినవాళ్లకు కూడా మంచిపేరో చెడ్డపేరో ఉంటుంది. నీ యువరాజు బతికుండగా ఎవర్ని ఏడిపించాడు? ఆ పిల్ల ఇంట్లో తెలుగు, కాలేజీలో కన్నడం, బజార్లో దక్కనీ మాట్లాడుతుంది కదా, ఫారసీ దర్బారులో పెరిగినవాడు ఆమెతో ఎలా మాట్లాడతాడు? వీటికి జవాబు రాకుండా వాళ్లిద్దర్నీ కలపకు.

దసరా సెలవులకు రా. మొదటి అధ్యాయం మూడు పేజీలైనా సరే, రాసి తీసుకురా. అందులో యువరాజు రాకూడదు, ఆ పిల్ల రోజంతా ఏంచేసిందో ఉండాలి. బిద్రీ పనివాళ్ల దగ్గరికి నేను తీసుకెళ్తాను. ఏ మట్టి పనికొస్తుందో, ఏది పనికిరాదో వాళ్లెలా తేల్చుకుంటారో నువ్వే అడిగి రాసుకో.

ఇట్లు
పెద్దమ్మ