దోస్తులతో తాడోబాకు: బయలుదేరే ముందు కుదుర్చుకోవాల్సినవి

ఆసిఫాబాద్, మంచిర్యాల, ఆదిలాబాద్ వాళ్లకు చంద్రపూర్ పొరుగూరి కిందే లెక్క. పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. అక్కడి తాడోబా పులుల అడవికి దోస్తులంతా కలిసి పోదామనుకుంటే ముందు ఇంట్లో కూర్చుని ఇవి తేల్చుకోండి.

1. మనుషుల లెక్క ఆరుతో మొదలుపెట్టండి. సఫారీ జిప్సీలో డ్రైవరు, గైడు కాక ఆరుగురికే చోటు. ఆరుగురైతే ఒక బండి, పన్నెండు మందైతే రెండు. ఏడుగురు బయలుదేరితే ఆ ఒక్కరి కోసం రెండో బండి మాట్లాడాలి.

2. డబ్బు చేతికొచ్చాకే బుకింగ్ చేయండి. ఎక్కువ జట్లు చెడేది ఇక్కడే. జిప్సీ మొత్తానికి కట్టాక ఒకరు మానుకుంటే ఆ వాటా మిగతా ఐదుగురి మీద పడుతుంది. అడగడానికి మొహమాటం, అడక్కపోతే మనసులో గుర్రు. కాబట్టి మానుకున్నా వాటా వాపసు రాదని మొదటి రోజే అందరితో అనిపించుకోండి. ఖర్చు ఒక్కరి చేతి మీదుగానే జరగాలి, ఏ రోజు లెక్క ఆ రాత్రే అందరికీ చూపించాలి. చేయి ఇరుకుగా ఉన్న దోస్తు ఉంటే నలుగురిలో అడగకుండా విడిగా మాట్లాడండి. డబ్బు లేక ఒకరు ఆగిపోవడం కన్నా గది స్థాయి తగ్గించుకోవడం మేలు.

3. తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండర్ చూడండి. మంగళవారం తాడోబాకు సెలవు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలకు కోర్ అడవి మూసేస్తారు. శని, ఆదివారాల్లో రుసుము ఎక్కువ. చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి కూడా జనం పోటెత్తుతారు, అప్పుడు ఊళ్లో గదులు దొరకడం కష్టం.

4. ముందు గేటు, తర్వాత గది. చంద్రపూర్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు మొహర్లీ గేటు అనువు. కొలారా, నవేగావ్ గేట్లు ఉత్తరాన, చిమూర్ వైపు ఉంటాయి. ఒక దిక్కున గేటు, ఇంకో దిక్కున గది తీసుకుంటే తెల్లవారుజామున బండి అందదు.

5. పర్మిట్ మీది పేరు, చేతిలోని గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే అయి ఉండాలి. ఇంటి పేరు పొట్టిగా రాయకుండా కార్డులో ఉన్నట్టే నింపండి. అసలు కార్డే తీసుకెళ్లండి.

6. కోర్ అడవిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. రెండు జిప్సీలు వేర్వేరు దారుల్లో పోతాయి, లోపల ఒకరి కబురు ఒకరికి అందదు. అందుకని మందులు, నీళ్లు, పర్మిట్ కాగితం ఏ బండివి ఆ బండిలోనే ఉండాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఫోన్ కలవకపోతే కంగారుపడతారు.

7. వేసవిలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలం పొద్దున పైకప్పు లేని బండిలో చేతులు కొంకర్లు పోతాయి. ఎండాకాలం తలకు తువ్వాలు, చలికి స్వెటర్, మంకీ క్యాప్, ఎప్పుడైనా దుమ్ముకు ముక్కు మీద రుమాలు. ఆకు, మట్టి రంగు బట్టలు మంచివి. నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి. దారిలో తినడానికి సకినాలు, సర్వపిండి చాలు.

8. సఫారీ లేని పూట చంద్రపూర్ ఊరు చూడండి. గోండు రాజుల కోట గోడ, జట్‌పురా దర్వాజా, రాణి హిరాయి తన భర్త బీర్‌షాకు కట్టించిన సమాధి అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. పులి కోసం వచ్చి వీటిని చూడకుండా తిరిగిపోవడం అన్యాయం.

9. పులి కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఈ మాట జట్టులో అందరికీ ముందే చెప్పండి. కనబడకపోతే డ్రైవరును తొందరపెట్టకండి, దగ్గరికి పోనిమ్మని డబ్బు ఆశ చూపకండి. దుప్పి అరుపు, కొండముచ్చు కేక విని గైడు పులి జాడ పడతాడు. ఆరుగురు గట్టిగా మాట్లాడుతుంటే ఆయనకు ఏదీ వినిపించదు. జిప్సీ కదిలాక దయచేసి నోరు మెదపకండి.